39 ఏళ్ళకి ప్రకృతి వైద్యంలోకి దిగొచ్చా? (గుంటూరు)

రెప్_గుంటూరు:
పదహారేళ్ళుగా మెడికల్ రెప్‌ని. కొత్తపేటలో డాక్టర్ల గదుల బయట బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని కూర్చుని నడుం పోయింది, షుగర్ బార్డర్‌కి వచ్చింది. మొన్న సెలవు పెట్టి కరకట్ట మీద ఒక ఆశ్రమంలో పది రోజులు ఉండి వచ్చాను. నాలుగు కిలోలు తగ్గాను, నిద్ర పడుతోంది. ఇక నేనూ ఇదే చెయ్యాలనిపిస్తోంది. బీఎన్‌వైఎస్ (ప్రకృతి వైద్యం, యోగా డిగ్రీ) చదవాలా, డిప్లొమా సరిపోతుందా? సెంటర్ పెట్టడానికి ఎంతవుతుంది? ఇంట్లో ఒప్పుకోవట్లేదు, అది వేరే సంగతి.

తొట్టిస్నానం:
బీఎన్‌వైఎస్ చేసినవాణ్ణి, బెజవాడ. నాలుగున్నరేళ్ళ చదువు, ఆ పైన ఏడాది ఇంటర్న్‌షిప్. అనాటమీ, ఫిజియాలజీ అన్నీ ఉంటాయి. నేను చేరిన రోజు మా మామయ్య "మట్టి పుయ్యడానికి ఐదున్నరేళ్ళా?" అన్నాడు. సూర్యారావుపేటలో మెట్ల కింద గదిలో మొదలుపెట్టాను, మొదటి నెలలో వచ్చింది ముగ్గురు, అందులో ఒకాయన పక్క ల్యాబ్ ఎక్కడో అడగడానికి. ముందు మీరు ఇంటర్‌లో బైపీసీయేనా, అది చెప్పండి.

మిర్చి_ఘాటు:
నాలుగు కిలోల్లో చాలావరకు నీళ్ళే అన్నా. నేనూ వారం ఉన్నాను, ఉప్పు లేదు కారం లేదు, కళ్ళు మూసుకుంటే ఆవకాయ జాడీ కనిపించేది. ఇంటికొచ్చిన రాత్రే గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ నంజుకుని తిన్నాను. పోయిన కిలోలు వెతుక్కుంటూ వచ్చేశాయి.

నల్లరేగడి:
ఎవరూ అడగలేదుగానీ చెప్తున్నా, మట్టి పట్టీకి మా పొలం నల్లమట్టిని మించింది లేదు. అమరావతి రోడ్డు మీద పొలం. రెండు సెంటర్లకి ట్రాక్టర్ మీద నేనే తోలిస్తాను.

తొట్టిస్నానం:
మిరప వేసే పొలమా? పైమట్టి పనికిరాదండీ. మూడు నాలుగు అడుగుల లోతు నుంచి తియ్యాలి, ఎరువూ మందూ తగలకూడదు, ఎండబెట్టి దంచి జల్లించి నానబెట్టాలి. మిరపకి ఎన్నిసార్లు మందు కొడతారో మీకు నేను చెప్పాలా?

నల్లరేగడి:
మాది మిరప కాదు, పత్తి.

తొట్టిస్నానం:
ఇంకా నయం.

నల్లరేగడి:
వెటకారం వద్దు డాక్టరు గారూ. మా తాతల నుంచీ ఆ మట్టిలోనే దొర్లాం, ఎవరికీ ఏమీ కాలేదు. మీరు ఫ్యాన్ కింద కూర్చుని చదివారు, మట్టి గురించి మాకు చెప్తున్నారు.

పుట్టమన్ను_బెస్ట్:
నా పేరే చెప్తోంది కదా.

నల్లరేగడి:
మీ పుట్టలో చెయ్యి పెట్టి తియ్యండి, చూస్తాం.

సూది_మందు:
మట్టి గొడవ ఆపుతారా కాస్త. మా నాన్న ఏళ్ళ తరబడి ఇన్సులిన్ మీద ఉన్నారు. ఒక సెంటర్‌లో "వారం మానెయ్యండి, రసాలతో కంట్రోల్ అవుతుంది" అన్నారు. నాలుగో రోజు వాంతులు, ఆయాసం, పిలిస్తే పలకలేదు. ఐసీయూలో ఆరు రోజులు. ఆ మాట చెప్పినాయన గోడకి ఫ్రేము కట్టించి పెట్టుకుంది పోస్టులో తెప్పించుకున్న డిప్లొమా. రెప్ గారూ, డిప్లొమా సరిపోతుందా అన్నారుగా, అదీ నా జవాబు.

బ్రాడీపేట_బాబాయ్:
ఒకడు తప్పు చేస్తే వైద్యం తప్పా? మీరంతా నిన్న మొన్న వచ్చారు. జర్మనీ ప్రకృతి వైద్యుడు లూయీ కూనే పుస్తకాన్ని వెంకటచలపతి శర్మ గారు తెలుగులోకి తెచ్చింది 1894లో. దేశంలో ఈ ఉద్యమం మొదలైందే దాంతో అంటారు. గాంధీగారు పుణే దగ్గర ఉరుళి కాంచన్‌లో ప్రకృతి వైద్య ఆశ్రమం పెట్టింది 1946లో, అంటే మన తర్వాత యాభై ఏళ్ళకి! ఆయనకి ఏ సర్టిఫికెట్ ఉందయ్యా? నేను కొన్ని వందల మందికి ఎనిమా ఇచ్చాను, పైసా పుచ్చుకోకుండా.

సూది_మందు:
1924లో పుణేలో గాంధీగారికి అపెండిక్స్ ఆపరేషన్ అయింది బాబాయ్ గారూ. పొట్ట మీద మట్టి పట్టీ వేసుకుని పడుకోలేదు.

బ్రాడీపేట_బాబాయ్:
అప్పుడు జైల్లో ఉన్నాడు కాబట్టి చేయించుకున్నాడు. బయటుంటే చేయించుకునేవాడా?

తొట్టిస్నానం:
బాబాయ్ గారూ, మీలాంటి వాళ్ళ వల్లే మాకీ తిప్పలు. ఆయుర్వేదానికి, హోమియోకి 2020లో జాతీయ కమిషన్ల చట్టాలు వచ్చాయి, వాటిలో మేం లేం. అందుకే ఐదున్నరేళ్ళు చదివినవాడూ, మూడు క్యాంపులు చూసినవాడూ ఒకే సైజు బోర్డు పెట్టుకుంటున్నారు. నా దగ్గరికి కిడ్నీ పేషెంట్ వస్తే ముందు రిపోర్టులో పొటాషియం చూస్తాను, ఆ తర్వాతే కొబ్బరినీళ్ళ మాట, వాటిలో అది ఎక్కువ కాబట్టి. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళకైతే వాళ్ళ డాక్టర్‌తో మాట్లాడకుండా ఉపవాసం పెట్టను. మా చదువులో సగం, ఎవరిని వెనక్కి పంపాలో తెలుసుకోవడమే.

బోరు_ఎండింది:
సెంటర్ ఖర్చు ఎవరూ చెప్పట్లేదు కాబట్టి నేను చెప్తాను. మా ఆవిడ, వాళ్ళ ఫ్రెండ్ కలిసి పటమటలో పెట్టారు. ఫర్నిచర్ అదీ కాదు, నీళ్ళు లెక్కేసుకోండి. తొట్టి నింపడం, పారబొయ్యడం, మళ్ళీ నింపడం. మే నెలలో బోరు ఎండింది, రోజూ ట్యాంకరే. తర్వాత మట్టి పట్టీలు ఉతికిన నీళ్ళు బాత్రూంలో పోస్తే కింద వాటా వాళ్ళ పైపు బిగుసుకుపోయింది. ప్లంబర్ ఇనప కడ్డీతో లాగితే నల్లటి ముద్ద ఒకటి బయటికొచ్చింది, ఓనరు దాన్ని ప్లేట్లో పెట్టుకుని మా గుమ్మం ముందు నిలబడ్డాడు. నెలాఖరుకి ఖాళీ చేశాం.

మిర్చి_ఘాటు:
ప్లేట్లో పెట్టుకుని 😂 అది నల్లరేగడి గారి సరుకేనా?

నల్లరేగడి:
పటమట నాది కాదు.

తొట్టిస్నానం:
అసలు అడిగినాయన ఏరి? బైపీసీయేనా అన్నాను, ఇంతవరకు పలకలేదు.

రెప్_గుంటూరు:
కాల్స్‌లో ఉన్నానండీ. నాది ఎంపీసీ.

తొట్టిస్నానం:
హతోస్మి.

నల్లరేగడి:
పర్లేదు తమ్ముడూ, ఒకసారి పొలానికి రా. బావి తవ్వినప్పుడు తీసిన లోతు మట్టి గుట్టగా పడుంది, దానికి ఏ మందూ తగల్లేదు. డాక్టరు గారిని కూడా తీసుకురా, చూసుకుంటారు.