మాయల ఫకీరు కథను సంగు వైపు నుంచి రాస్తున్నా, చిలుకను చంపాలా వద్దా?

దేవరకొండ_కథలు:
అందరికీ నమస్తే. బాలనాగమ్మ కథ వినకుండా పెరిగినవాళ్ళు ఇక్కడ తక్కువే ఉంటారు, అయినా కొత్త పిల్లల కోసం గబగబా చెప్తా. ఫకీరు బాలనాగమ్మను కుక్కను చేసి ఎత్తుకుపోతాడు. వెతుక్కుంటూ వచ్చిన మొగుడు కార్యవర్ధిరాజును రాయిని చేస్తాడు. ఉయ్యాలలో మిగిలిపోయిన కొడుకు బాలవర్ధిరాజు పెద్దయ్యాక, ఫకీరు ఇంటికి పూలు కట్టిచ్చే ముసలమ్మ దగ్గర మనవడిలా చేరి, దండలో ఉంగరం పెట్టి తల్లికి కబురు పంపి, వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉందని తెలుసుకుని, దాన్ని పట్టుకొచ్చి కాళ్ళూ రెక్కలూ విరిచి చంపుతాడు. రాళ్ళయినవాళ్ళంతా లేచి కూర్చుంటారు.

నేను దీన్ని ఆడియో కథగా రాస్తున్నా, కానీ సంగు చెప్తున్నట్టు. ఫకీరు ఇంట్లో బాలనాగమ్మ కంటే ముందు నుంచి ఉన్న మనిషి సంగు. కథలో ఆమెను అందరూ తిట్టడమే, ఎక్కడి నుంచి వచ్చిందో, ఎందుకొచ్చిందో అడిగినవాళ్ళు లేరు. నా కథలో ఆమె కూడా ఒకప్పుడు ఎత్తుకొచ్చిన పిల్లే, పారిపోయి పుట్టింటికి పోతే తలుపు తీయలేదు, అందుకే వెనక్కి వచ్చింది. చివర్లో చిలుక ఆమె చేతికి దొరుకుతుంది, ఆమె దాన్ని చంపకుండా వదిలేస్తుంది. రాసి వినిపిస్తే మా ఇంట్లోనే గొడవైంది, కథ పాడు చేశావు అన్నారు. మీరు చెప్పండి, చంపాలా వద్దా?

జడ్చర్ల_జంక్షన్:
చంపాలి. ఇందులో చర్చ ఏముందక్కా? రాత్రంతా మేల్కొని కథ విన్న జనం దేని కోసం కూర్చున్నారు? చిలుక కాలు విరిస్తే ఫకీరు కాలు పడిపోవాలి, రెక్క విరిస్తే చెయ్యి పడిపోవాలి, వాడు కుంటుకుంటూ వచ్చి బతిమాలాలి, అప్పుడు మెడ తిప్పాలి. ఆ పది నిమిషాలు తీసేస్తే మిగతాదంతా ఎవడికి కావాలి.

సంగుకు వెనక కథ పెట్టుకోండి, వద్దనను. కానీ ఈ మధ్య ప్రతి విలన్‌కూ చిన్నప్పుడు ఏదో కష్టం జరిగిందని చెప్పడం ఒక రోగమైపోయింది. ఫకీరు ఫకీరే. ఇంకో మాట, మీరు చిలుకను వదిలేస్తే రాళ్ళు మళ్ళీ మనుషులెట్లా అవుతారు? వాడు బతికున్నంత కాలం మంత్రం ఉన్నట్టే కదా. రూల్ మీరే పెట్టి మీరే తప్పితే వినరు జనం.

కొల్లాపూర్_అమ్మాయి:
జడ్చర్ల తమ్ముడూ, నువ్వు చెప్పిన పది నిమిషాలు నాకూ ఇష్టమే. కానీ అక్కడిదాకా కథను లాక్కొచ్చింది ఎవరు? కొడుకు కాదు. నాకు ఈ కథ మీద ఎప్పటి నుంచో ఉన్న కోపం ఇదే, ఇప్పుడు అడిగారు కాబట్టి పూర్తిగా చెప్తాను.

బాలనాగమ్మ దగ్గర ఏముంది చూడండి. కత్తి లేదు, మంత్రం లేదు, బయట ఒక్క మనిషి సాయం లేదు. ఉన్నదల్లా వ్రతం అనే మాట ఒక్కటే. వ్రతంలో ఉన్నాను, అది తీరేదాకా ముట్టుకోవద్దు అని చెప్పి ఏళ్ళ తరబడి వాణ్ణి గుమ్మం అవతల నిలబెట్టింది. మనుషుల్ని రాళ్ళు చేయగలిగినవాడు ఆ మాటకు ఎందుకు ఆగాడు? చిన్నప్పుడు వింటే ఆమె పాతివ్రత్య మహిమ అని నమ్మేశాం, ఇప్పుడు ఆలోచిస్తే నాకు వేరేగా అనిపిస్తుంది: వాడికి ఆమె ఒప్పుకోలు కావాలి. ఎత్తుకొచ్చినా, రాజును రాయి చేసినా, ఆమె నోటితో సరే అనాలి. ఆ బలహీనతను ఆమె మొదటి రోజే పట్టేసింది. తర్వాత కొడుకు వచ్చాడని తెలిశాక ఒక్కసారిగా మాట మార్చి, నీతో ఉండాల్సినదాన్ని, నీకేమైనా అయితే నా గతేంటి, నీ ప్రాణం ఎక్కడుందో నాక్కూడా చెప్పవా అని అడిగింది. వాడు చెప్పాడు! అన్నేళ్ళు ఓపిగ్గా కట్టిన అబద్ధం అది. కొడుకు చేసిందల్లా ఆమె చెప్పిన అడ్రస్‌కు పోయి చిలుకను తేవడం. సాహసమే, కాదనను. కానీ తెలివి మొత్తం తల్లిది. బొమ్మల పుస్తకాల అట్ట మీద మాత్రం ఆమె ఎప్పుడూ స్తంభానికి ఆనుకుని ఏడుస్తూనే ఉంటుంది.

కాబట్టి దేవరకొండ అక్కా, సంగుతో చెప్పించండి, మంచి ఆలోచన, ఎందుకంటే ఈ నాటకం మొత్తం దగ్గర నుంచి చూసిన ఏకైక మనిషి సంగు. బాలనాగమ్మ అబద్ధం ఆడుతోందని ఫకీరుకు తెలియదు, సంగుకు తెలిసి ఉండాలి కదా! ఒకే ఇంట్లో ఉన్న ఆడమనిషికి తెలియకుండా ఎట్లా ఉంటుంది? తెలిసీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అదే మీ కథ. చిలుక గొడవ దాని తర్వాత.

పానగల్_కోట:
చర్చ బాగుంది, నేను లొకేషన్ మాట్లాడతా. కథలో బాలనాగమ్మ అత్తింటి ఊరు పానుగల్లు, అది మా వనపర్తి జిల్లా పానగల్లే అని మా దగ్గర అంటారు. ఆధారాలు అడగకండి, ఊరి మాట అది. నల్గొండ పక్కన కూడా ఒక పానగల్లు ఉంది కాబట్టి వాళ్ళు ఇప్పుడు దిగుతారు చూడండి. మీ ఆడియోలో గాలి చప్పుడు కావాలంటే మా కోట ఎక్కి రికార్డ్ చేసుకోండి, సాయంత్రం పూట పైన ఊళ పెట్టినట్టే ఉంటుంది. ఫకీరు గట్టు మాత్రం అమ్రాబాద్ అడవిలో పెట్టండి. ఫర్హాబాద్ దగ్గర పై నుంచి కిందికి చూస్తే, ఇక్కడ ఎవర్ని దాచినా దొరకరు అనిపిస్తుంది.

ఉదయసముద్రం_గట్టు:
దిగాం అన్నా. మా పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది, గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం లాంటి నీడ పొద్దంతా కదలకుండా ఉంటుంది. చూడ్డానికి ఒక్క స్తంభం నీడలా ఉంటుంది కానీ ఏ ఒక్క స్తంభానిదీ కాదు, చాలా స్తంభాల మధ్య నుంచి చెదిరి వచ్చే వెలుగుతో పడేది. కందూరు చోళుల కాలం నాటి పని. మీ ఫకీరు మాయకు ఇంతకంటే మంచి ఐడియా దొరకదు: వాడి ఇంట్లో నీడలు కదలవు, పొద్దు ఎంతైందో బాలనాగమ్మకు తెలియదు. వ్రతం రోజులు ఎట్లా లెక్కపెట్టుకుంది మరి? ముసలమ్మ తెచ్చే పూలను బట్టి. చలికాలం బంతిపూలు, ఎండాకాలం మల్లెలు. ఇది వాడుకుంటే నా పేరు చెప్పండి, లేకపోయినా పర్లేదు.

జడ్చర్ల_జంక్షన్:
పూల లెక్క అదిరింది. మరి చిలుక ఉండే చెట్టు మా పాలమూరుదే, పిల్లలమర్రి. ఏడు వందల ఏళ్ళ చెట్టు అంటారు, మూడెకరాలు పాకింది, ఏ ఊడ వెనక తొర్ర ఉందో ఎవడికీ దొరకదు. 2018లో చెదలు పట్టి కొమ్మలు విరుగుతుంటే సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు గుర్తుందా? ఫకీరు ప్రాణానికి గ్లూకోజ్ అన్నమాట 😂 ఏడు సముద్రాలు పాలమూరుకు ఎట్లొస్తాయని మాత్రం అడగొద్దు.

అసలు డౌట్ ఇంకోటి ఉంది, ఎవరూ మాట్లాడరు. కార్యవర్ధిరాజు రాయి అయ్యేటప్పటికి కొడుకు ఉయ్యాలలో ఉన్నాడు. లేచేటప్పటికి కొడుకు గుర్రమెక్కి సముద్రాలు దాటొచ్చాడు. రాయికి వయసు పెరగదు కదా? అంటే భార్య పెద్దదైంది, ఈయన అప్పటి కుర్రాడే. ఇంటికి పోయాక ఏం మాట్లాడుకుంటారు వాళ్ళు?

కొల్లాపూర్_అమ్మాయి:
ఇది రాసే దమ్ము ఎవరికైనా ఉంటే ముందు నేనే వింటా. ఆయనకు నిన్న జరిగినట్టు ఉంటుంది, ఆమెకు సగం జీవితం అయిపోయింది. పైగా, ఇన్నాళ్ళూ ఎట్లా ఉన్నావు అక్కడ, అని ఆయన అడుగుతాడా లేదా? సీతమ్మను అడిగినట్టు.

జాన్‌పహాడ్_రోడ్:
అందరూ ఆలోచించాల్సింది ఇంకోటి, ఆ ఫకీరు అనే పేరు. మా దగ్గర జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు ఊళ్ళకు ఊళ్ళు కదులుతాయి, మొక్కుకునేవాళ్ళలో హిందువులూ ఎక్కువే. పీర్ల పండక్కి గుండం చుట్టూ ఆడేది అందరూ. పిల్లలకు జడుపు జ్వరమొస్తే తాయెత్తు కట్టించుకొచ్చింది ఫకీరు దగ్గరి నుంచే. ఈ కథ ఒక్కటే ఆ మనిషిని రాక్షసుణ్ణి చేసింది. 1942లో జెమిని వాళ్ళు సినిమా తీసినప్పుడు మాయల మరాఠీ అని మార్చారు, అంటే ఇప్పుడు మారిస్తే కొంపలేం మునగవు. వాడికి మతం, కులం గుర్తు లేకుండా ఒక ఉత్త మాంత్రికుణ్ణి చేయండి, లేదంటే ఫకీరు వేషం వేసుకున్న దొంగను చేయండి. బిచ్చానికి వచ్చినట్టు వచ్చి ఎత్తుకుపోయాడు కదా, వేషం అన్న మాట కథలోనే ఉంది.

పానగల్_కోట:
వేషం పాయింట్ ఒప్పుకుంటా, రావణుడు కూడా సన్యాసి వేషంలోనే వచ్చాడు, దాని వల్ల సన్యాసులంతా చెడ్డవాళ్ళని ఎవరూ అనుకోలేదు. కానీ పేరు మొత్తం తీసేస్తే జనానికి ఏ కథో తెలియదు. టైటిల్‌లో ఉంచి, లోపల మనిషిని మార్చండి.

దేవరకొండ_కథలు:
ఇంత వస్తుందని అనుకోలేదు. పూల లెక్క తీసుకుంటున్నా, మీ పేరు చెప్తా ఉదయసముద్రం గారూ. దొంగ ఫకీరు కూడా ఖాయం, అసలు ఫకీరు ఒకాయన రెండో భాగంలో వచ్చి, నా వేషం వేసుకుని తిరిగేది ఎవడురా అని వెతుక్కుంటూ పోయేట్టు రాస్తా. కొల్లాపూర్ అక్క చెప్పినదాంతో నా చివరి భాగం మొత్తం మారిపోయేలా ఉంది. సంగుకు అంతా తెలుసు. బాలనాగమ్మకు, సంగుకు తెలుసన్న సంగతి తెలుసు. ఇద్దరూ ఎప్పుడూ ఆ మాట ఎత్తరు. ఇక చిలుక: జడ్చర్ల తమ్ముడు అన్న రూల్ నిజమే, వాడు బతికుంటే రాళ్ళు లేవవు. కాబట్టి చావాల్సిందే. కానీ మెడ తిప్పేది బాలవర్ధి కాదు, సంగు.

జడ్చర్ల_జంక్షన్:
కాళ్ళూ రెక్కలూ కూడా ఆమే విరవాలి. వరుసగా. తొందరపడొద్దు.

కొల్లాపూర్_అమ్మాయి:
మరి ఫకీరు పోయాక సంగు ఎక్కడికి పోతుంది? పుట్టింటి తలుపు తీయరని మొదట్లోనే రాశారు కదా. బాలనాగమ్మ తన వెంట పానుగల్లుకు తీసుకుపోతుందా? తీసుకుపోతే కార్యవర్ధి ఒప్పుకుంటాడా? అది తేల్చకుండా ఆడియో పెట్టొద్దక్కా.