నూతిలో నీరు దిగితే మోటారు హెచ్‌పీ పెంచాలా?

గజపతినగరం నుంచి:
మా పెరటిలో 40 అడుగుల నుయ్యి ఉంది. గట్టు మీద 1 హెచ్‌పీ మోనోబ్లాక్ మోటారు పెట్టాము. సంక్రాంతి రోజుల్లో మేడ మీది ట్యాంకు 40 నిమిషాల్లో నిండేది. ఇప్పుడు వైశాఖంలో గంటన్నర నడిపినా సగమే నిండుతోంది, ధార చిటికెన వేలంత వస్తోంది. మెకానిక్ 2 హెచ్‌పీ మోటారు వేయమంటున్నారు, మా అన్నయ్య బోరు వేయిద్దామంటున్నారు. ఏది సరైనదో అనుభవమున్నవారు చెప్పగలరు.

రాజాం నుంచి:
మెకానిక్ మాటే వినండి. మా ఇంట్లోనూ ఇలాగే ఉండేది. పెద్ద మోటారు పెట్టిన రోజు నుంచి ధారకు లోటు లేదు.

పాలకొండ నుంచి:
రాజాం వారి అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. గట్టు మీది మోటారు నీటిని తాడు వేసి లాగినట్టు లాగదు. అది పైపులో ఒత్తిడిని తగ్గిస్తే, నూతి నీటి మీద ఉన్న గాలి ఒత్తిడి నీటిని పైకి నెడుతుంది. ఆ ఒత్తిడి లెక్క ప్రకారం సుమారు 34 అడుగుల వరకే నెట్టగలదు. పైపు రాపిడికి, ఫుట్‌వాల్వు (నీరు వెనక్కి జారకుండా పైపు అడుగున ఉండే కవాటం) అడ్డుకు పోయేది ఆ లెక్కలోంచి తీసేస్తే 25 అడుగులు దాటడమే కష్టం. హెచ్‌పీ పెంచితే మోటారు దాటిన నీరు ఇంకా ఎత్తుకు వెళుతుందే తప్ప, నూతిలో నుంచి మోటారు దాకా వచ్చే నీటికి ఆ బలం అక్కరకు రాదు. పైగా పెద్ద మోటారు ఎక్కువ నీరు తోడబోయి నూతి మట్టాన్ని ఇంకా త్వరగా దించేస్తుంది.

అందువల్ల డబ్బు పెట్టే ముందు ఒక తాడుకు రాయి కట్టి, అడుగుకొక ముడి వేసి నూతిలోకి దించండి. మోటారు వేయకముందు ఒకసారి, అరగంట నడిచాక మరొకసారి, మర్నాడు ఉదయం ఇంకోసారి కొలవండి. ఫుట్‌వాల్వు కూడా చూడాలి. రాత్రి ఆపిన మోటారుకు ఉదయం మళ్ళీ నీళ్ళు పోయవలసి వస్తే, ఆ వాల్వు కారుతోందని గాని, సక్షన్ పైపు (నూతిలోంచి మోటారు దాకా వచ్చే పైపు) అతుకులో గాలి దూరుతోందని గాని అర్థం. ధారలో బుడగలు వస్తుంటే అతుకుల మీదే నా అనుమానం. సాయంత్రం ఒక్కపూటే ధార తగ్గితే కరెంటు వోల్టేజి చూపించండి, అప్పుడు తప్పు నూతిది కాదు.

రాజాం నుంచి:
పాలకొండ వారి మాట చదివాక మా ఇంటి సంగతి మళ్ళీ గుర్తు చేసుకున్నాను. పెద్ద మోటారు వేసిన రోజే మాకు ఫుట్‌వాల్వు, సక్షన్ పైపు కూడా మార్చారు, మా నూతిలో నీరు ఎండాకాలంలోనూ 15 అడుగుల్లోనే ఉంటుంది. కాబట్టి బాగుపడింది దేనివల్లనో నేను గట్టిగా చెప్పలేను. అయితే ఒక మాట. మోటారును నూతిలోపల గట్టు కట్టి కిందికి దించమని చాలామంది సలహా ఇస్తారు, అది నాకు నచ్చదు. శ్రావణంలో నీరు ఎక్కితే అదే మోటారు మునిగి కాలిపోతుంది.

పాలకొండ నుంచి:
ఆ భయం న్యాయమైనదే. అందుకే నేను ఓపెన్‌వెల్ సబ్‌మెర్సిబుల్ వైపు మొగ్గుతాను. అది నీటిలోనే ఉండి నెడుతుంది కనుక 25 అడుగుల హద్దు దానికి లేదు. కానీ ఊట లేని నూతికి ఏ మోటారూ మందు కాదు, ముందు తాడు కొలత చూడండి.

గజపతినగరం నుంచి:
ఈ రెండు రోజులూ కొలిచాము. మోటారు వేయకముందు గట్టు నుంచి నీరు 24 అడుగుల లోతున ఉంది. అరగంటకు 27కు దిగింది, అక్కడే ధార సన్నబడి గాలి చప్పుడు మొదలైంది. ఉదయానికి మళ్ళీ 24కే చేరింది. ఫుట్‌వాల్వు బాగానే ఉంది, నీళ్ళు పోయకుండానే మోటారు ఎత్తుకుంది. అంటే నూతిలో ఊట ఉంది, గట్టు మీది మోటారుకే అందడం లేదు. 2 హెచ్‌పీ ఆలోచన మానుకున్నాము. బోరు మాట కూడా అన్నయ్య ఈ ఏడాదికి వాయిదా వేశారు. 1 హెచ్‌పీ ఓపెన్‌వెల్ సబ్‌మెర్సిబుల్‌నే 35 అడుగులకు దించి, ఒకేసారి కాకుండా పూటకు 20 నిమిషాలు చొప్పున నడపాలని అనుకుంటున్నాము.