తాతలు నేతులు తాగారు సరే, వాసన చూసేదెవరు?

"మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి" సామెత గురించి మొన్న గ్రూపులో ఒకరు అడిగారు గదా, ఇది తిట్టా వెక్కిరింతా అని, అందరూ కలిసి ఉత్తి గొప్పలు చెప్పుకునేవాడి మీద వెక్కిరింత అని తేల్చేశారు. నాకు మాత్రం రెండో సగం దగ్గర ఇంకో ముక్క ఉందనిపిస్తోంది. "చూడండి" అంటున్నాడు కదా, అంటే ఎదురుగా ఎవడో ఉండాలి, వాడికి నెయ్యి వాసన తెలిసుండాలి, ఆ తాతని కనీసం వినైనా ఉండాలి. అదేం లేకపోతే ఈ మాటకి వెక్కిరింత కూడా రాదు, ఎవడ్రా నువ్వు అని వెళ్లిపోతారు అంతే.

ఇది ఎందుకు తట్టిందంటే బోర్గ్‌వార్డ్ అనే జర్మన్ కారు కథ చదువుతున్నా. ఇక్కడ అచ్చంగా తాత ఉన్నాడు, మనవడూ ఉన్నాడు. తాత పేరు కార్ల్ బోర్గ్‌వార్డ్, ఊరు బ్రెమెన్. మూడు చక్రాల చిన్న సామాను బండ్లతో మొదలెట్టి, తర్వాత హన్సా, గోలియత్, లాయిడ్, బోర్గ్‌వార్డ్ అని ఒకే గొడుగు కింద ఇన్ని పేర్లతో కార్లు చేశాడు. 1954లో వచ్చిన ఇసబెల్లా అయితే రెండు లక్షల పైచిలుకు తయారైంది. బెంజి కొనలేనివాడు, ఫోక్స్‌వ్యాగన్‌తో సరిపెట్టుకోలేనివాడు, ఆ మధ్యలో ఉన్న జనం కొన్నారు దాన్ని. 1961లో కంపెనీ మునిగింది, ఇరవై వేల దాకా ఉద్యోగాలు దాని మీద ఆధారపడి ఉండగా. రెండేళ్లకి, 1963లో పెద్దాయన పోయాడు.

ఇక మనవడు క్రిస్టియన్ బోర్గ్‌వార్డ్. 2008లో స్విట్జర్లాండ్‌లో తాత పేరుతో కంపెనీ పెట్టాడు, కారు లేదు, ఫ్యాక్టరీ లేదు, పేరొక్కటే ఉంది. 2014లో ఆ పేరుని చైనా ఫోటాన్ వాళ్లు కొన్నారు, వాళ్లు ప్రధానంగా లారీలు చేసే కంపెనీ. 2015లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆటో షోలో బీఎక్స్7 అని ఎస్‌యూవీ చూపించి, మరుసటేడు నుంచి చైనాలో అమ్మారు. 2022లో అక్కడి కోర్టు దివాలా అని ప్రకటించింది. తాత కంపెనీ ముప్పై ఏళ్లకి పైగా నడిచింది, ఇది ఫోటాన్ చేతికెళ్లాక పట్టుమని పదేళ్లు నడవలేదు.

నా లెక్క ఏంటంటే తాత తాగింది నెయ్యే, అందులో అనుమానం లేదు. కానీ మూతి తీసుకెళ్లి ఎవరి ముందు పెట్టారు? ఇసబెల్లాని ఎన్నడూ చూడని బీజింగ్ జనం ముందు. గుర్తుపట్టగల ముసలాళ్లేమో బ్రెమెన్‌లో కూర్చుని ఉన్నారు, వాళ్లకి కారు అందలేదు. 2018లో జర్మనీలో కొద్దిగా అమ్మకానికి పెట్టారు, బ్రెమెన్‌లో ఫ్యాక్టరీ కడతాం అన్నారు, కట్టలేదు.

కామెంట్: చిన్న సందేహం మాస్టారూ, నెయ్యికి బహువచనం ఏంటసలు? నెయ్యిలు అనం, నేతులు అని ఈ సామెతలో తప్ప ఎక్కడా విన్లేదు. మూతులుకి ప్రాస కోసం కట్టిన మాటా?

జవాబు: కట్టింది కాదండి, ఉన్న మాటే. నుయ్యి నూతులు, గొయ్యి గోతులు, చెయ్యి చేతులు, అదే దారిలో నెయ్యి నేతులు. నేతి గిన్నె, నేతి అరిసెలు అంటాం చూడండి, ఆ నేతి దీంట్లోదే. నెయ్యిని లెక్కపెట్టే అవసరం రాదు కాబట్టి బహువచనం వాడుకలో పడలేదు, ఈ సామెతలో మాత్రం అటకమీద సామానులా ఉండిపోయింది. పైగా ఒక తాత ఒక నెయ్యి అంటే దమ్ముండదు, తాతలు నేతులు అంటేనే వంశం మొత్తాన్ని లాక్కొచ్చినట్టు ఉంటుంది.

కామెంట్: అన్నా నువ్వు సామెత తప్పు పట్టుకున్నావ్. దీనికి కరెక్ట్‌గా అతికేది "నేతి బీరకాయలో నెయ్యెంత" అనేది. పేరులోనే ఉంది, లోపల చుక్క లేదు. జర్మన్ పేరు, చైనా కారు, ఇంకేం కావాలి?

జవాబు: భలే పట్టావ్ తమ్ముడూ, రెండూ నెయ్యి సామెతలే, కానీ రెండూ ఒకటి కాదు. మనవడి చేతిలో ఉన్నన్నాళ్లూ, అంటే 2014 దాకా, అది తాతలు నేతులు. ఎందుకంటే రక్తసంబంధం ఉంది, చెప్పుకునే హక్కు ఉంది, చేతిలో సరుకే లేదు. ఫోటాన్ చేతికెళ్లాక సరుకొచ్చింది, సంబంధం పోయింది, అప్పుడు నేతి బీరకాయ అయింది. ఇంకోటి, నేతి బీరకాయని మనం అన్యాయంగా తిడతాం గానీ అందులో నెయ్యి లేకపోయినా కూర బ్రహ్మాండంగా ఉంటుంది, మామూలు బీరకాయ కంటే మెత్తన. బీఎక్స్7 కూడా అంతే, రెండు లీటర్ల టర్బో ఇంజను, ఫోర్ వీల్ డ్రైవ్, చూడ్డానికీ బానే ఉంటుంది. దాన్ని మంచి చైనా ఎస్‌యూవీ అని అమ్ముకుని ఉంటే ఎవడూ నెయ్యి ఏదిరా అని అడిగేవాడు కాదు. వీళ్లు చైనాలో బెంజి, బీఎండబ్ల్యూ, ఆడి పక్కన తమ బి కూడా ఇరికించి "బీబీబీఏ" అని ప్రకటనలిచ్చారు. చైనాలో బీఎండబ్ల్యూని బావ్‌మా అంటారు, వీళ్ల పేరు బావ్‌వో, ఆ బావ్ అక్షరం రెండిట్లో ఒకటే. అరవై ఏళ్ల కింద మూతబడ్డ కంపెనీని ఆ ముగ్గురి వరసలో కూర్చోబెడితే కొనేవాడు ఆ ముగ్గురితోనే పోల్చి చూస్తాడు మరి.

కామెంట్: జర్మనీలో పదకొండేళ్లుగా ఉంటున్నా, మా పక్కింటి పెద్దాయన ఈ కంపెనీ పేరు చెప్తే నవ్వుతాడు కానీ ప్రేమగా నవ్వుతాడు. లాయిడ్ కార్ల మీద వాళ్లకో మాట ఉంది, "వేర్ డెన్ టోట్ నిష్ట్ షోయ్ట్, ఫేర్ట్ లోయ్ట్" అని, చావంటే భయం లేనోడు లాయిడ్ ఎక్కుతాడు అని అర్థం. యుద్ధం తర్వాత 1950లో వచ్చిన మొదటి లాయిడ్‌కి ప్లైవుడ్ బాడీ, దాని మీద రెక్సిన్‌లాంటి గుడ్డ అంటించేవారట, చిరిగితే ల్యూకోప్లాస్ట్, అంటే గాయాలకి అంటించే పట్టీ, వేసి అతికించుకోవచ్చని దాన్ని "ల్యూకోప్లాస్ట్ బాంబర్" అనేవాళ్లు. తర్వాత అరబెల్లా అని వచ్చింది, మొదట్లో వానొస్తే లోపలికి నీళ్లు కారేవి, దానికి "అక్వాబెల్లా" అని పేరు పెట్టేశారు.

జవాబు: ఇదండీ నాకు కావాల్సింది! షోయ్ట్, లోయ్ట్ అంత్యప్రాస చూడండి, మన నేతులు మూతులు లాగే. జనం ఒక వస్తువు మీద సామెత కట్టారంటే అది వాళ్ల ఇంట్లో మనిషైపోయిందన్నమాట. అక్వాబెల్లా అని వెక్కిరించే నోళ్లు ఉన్నచోటే ఆ పేరుకి విలువ. బీబీబీఏ అనేది జనం నోట పుట్టింది కాదు, కంపెనీ డబ్బిచ్చి అనిపించుకుంది.

కామెంట్: అంటే చచ్చిపోయిన బ్రాండ్ మళ్లీ లేవదంటారా? మేబాక్ అనే పాత జర్మన్ ఖరీదైన కారు లేచిందిగా.

జవాబు: అదీ మొదటిసారి సరిగ్గా లేవలేదండి. 2002లో మెర్సిడెస్ వాళ్లు మేబాక్ అని విడిగా దుకాణం పెట్టారు, 57 అనీ 62 అనీ మోడళ్లు, ఆ అంకెలు కారు పొడవే, 5.7 మీటర్లు, 6.2 మీటర్లు. పదేళ్లు తిప్పలు పడి మూసేశారు. 2014లో మళ్లీ తీసుకొచ్చినప్పుడు తెలివిగా మెర్సిడెస్ మేబాక్ అన్నారు, అంటే వాళ్ల పెద్ద కారు ఎస్-క్లాస్ మీద తోక పేరు, అది నడిచింది. ఇప్పుడు పుణె దగ్గర చాకన్‌లో కూడా ఆ ఎస్-క్లాస్ బిగిస్తున్నారు. ఇక్కడ తాతకి తోడు ఇంట్లో ఇవాళ కూడా పొయ్యి మీద నెయ్యి కాగుతోంది, అది తేడా. మన దగ్గర జావా చూడండి, జర్మన్ కాదనుకోండి, చెక్ బండి. మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూసేశాక 2018లో మళ్లీ వస్తే బుకింగులకి ఎగబడ్డారు, కొంతకాలం బుకింగులు ఆపేయాల్సొచ్చింది. కొన్న కుర్రాళ్లలో చాలామంది నాన్న బండి మీద పెట్రోలు ట్యాంకుపై కూర్చుని తిరిగినవాళ్లే అయ్యుంటారు. వాసన తెలిసిన ముక్కులన్నమాట.

కామెంట్: ఐతే అసలు 1961లో ఎందుకు మునిగింది? తాతే నెయ్యి అప్పు చేసి తాగాడేమో 😄

జవాబు: ఆ అనుమానం జర్మనీలోనూ అరవై ఏళ్లుగా నడుస్తోంది. ఒకేసారి రకరకాల పేర్లతో కార్లు, ప్రతిదానికీ వేరే విడిభాగాలు, వేరే లెక్కలు, పైన పెద్దాయన ఒక్కడే అన్నీ. చేతిలో రొక్కం ఆడలేదు, బ్రెమెన్ ప్రభుత్వం హామీలిచ్చి ఇచ్చి చివరికి కంపెనీని ఆయన చేతుల్లోంచి తీసుకుంది, కొన్ని నెలలకే దివాలా. కానీ తర్వాత ఆస్తులన్నీ అమ్మితే అప్పులవాళ్లందరికీ పైసా పైసా ముట్టింది. అందుకే అసలు దివాలా తీయాల్సిన అవసరమే లేదు, తొందరపడి ముంచేశారు అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నాకైతే రెండూ నిజమే అనిపిస్తుంది, ఆస్తి ఉంది, జీతాలకి డబ్బు లేదు. బ్రెమెన్‌లోని సెబాల్డ్స్‌బ్రూక్‌లో ఆయన ఫ్యాక్టరీ ఉన్నచోటే ఇవాళ మెర్సిడెస్ కార్లు తయారవుతున్నాయి. ఆయన చివరి పెద్ద కారు పీ100 అచ్చులు మెక్సికో వెళ్లి అక్కడ 1967 నుంచి 1970 దాకా కార్లు తీశాయి. కాబట్టి తమ్ముడూ, అప్పు చేసిన నెయ్యి అనడానికి లేదు, ఇంటి నెయ్యే, గిన్నె వేరేవాళ్ల చేతికెళ్లిపోయింది.

కామెంట్: మరి ఇవాళ మళ్లీ ఎవరైనా ఆ పేరు కొంటే?

జవాబు: కొనొచ్చు, పేర్లు చౌక, ఫ్యాక్టరీలే ఖరీదు. నన్నడిగితే ముందు ఎస్‌యూవీ వద్దు. ఇసబెల్లాలు ఇంకా నడుపుకుంటున్నవాళ్ల క్లబ్బులు జర్మనీలో ఉన్నాయి, వాళ్లకి స్పేర్ పార్టులు చేసిపెట్టమనండి, రెండు మూడేళ్లు అదే పని. ఆ తర్వాత చిన్న ఎలక్ట్రిక్ కారేదైనా, మధ్యతరగతి ధరలో. కరెంటుతో నడవడం వాళ్ల ఇంట్లో కొత్తేం కాదు, హన్సా-లాయిడ్ వాళ్లు బ్యాటరీ బండ్లు కూడా చేసేవారు. బీబీబీఏ లాంటి మాటలు మాత్రం వద్దే వద్దు. ఈ సామెతకి రాయలసీమలోనో ఉత్తరాంధ్రలోనో వేరే పాఠం విన్నవాళ్లుంటే కింద పెట్టండి, నేతి బీరకాయ వాళ్లకి విడిగా ఇంకో పోస్టు పెడదాం.