బెంగళూరు లాన్‌లో లద్దె పురుగు: మొత్తానికి మందు కొట్టాలా?

వర్తూరు_పచ్చిక:
వైట్‌ఫీల్డ్ దగ్గర గేటెడ్ కమ్యూనిటీ, బెర్ముడా గడ్డి. వానలు పడ్డాక రెండు రాత్రుల్లో అంచు నుంచి ఎండు మచ్చలు పాకాయి. లాన్ అంతటికీ క్లోర్‌పైరిఫాస్ కొట్టిద్దామని అసోసియేషన్ అంటోంది. సరైనదేనా?

నల్లమట్టి:
ముందు పురుగేదో తేల్చండి. గడ్డి లాగితే చాపలా ఊడొస్తే అది వేరుపురుగు, దాని వైద్యం వేరు. ఆకులు కొరికేసి ఉండి, మొదళ్లలో పచ్చటి పెంటికలు కనిపిస్తే లద్దె పురుగే. పగలు మొదళ్లలో దాక్కుంటుంది. 4 లీటర్ల నీళ్లలో రెండు పెద్ద చెంచాలు గిన్నెలు తోమే సబ్బు లిక్విడ్ కలిపి, పచ్చ గడ్డీ ఎండు గడ్డీ కలిసే చోట చదరపు గజం మేర పోయండి. పది నిమిషాల్లో పైకొస్తాయి. మచ్చ నడుమ పోస్తే ఏమీ దొరకదు, అక్కడ మేత అయిపోయి ముందుకు జరిగుంటాయి. చిన్నవైతే సాయంత్రం పూట బీటీ (గొంగళి పురుగుల్ని చంపే బాక్టీరియా మందు) కొడితే చాలు. పిల్లలు దొర్లే గడ్డి మీద క్లోర్‌పైరిఫాస్ వద్దే వద్దు.

హెబ్బాళ్_కీటకం:
పరీక్ష సరే, పేచీ అంతా బీటీ దగ్గరే. ఈ పురుగు తినేదాంట్లో ఎక్కువ భాగం చివరి దశలోనే. మచ్చ కంటపడేసరికి అంగుళం దాటి ఉంటుంది, ఆ సైజు పురుగు బీటీకి లొంగదు. ఎమామెక్టిన్ బెంజోయేట్ 5 ఎస్‌జీ (నీళ్లలో కరిగే గుళికల పురుగుమందు) వాడండి, లీటరు నీళ్లకు 0.4 గ్రాములు, మొక్కజొన్నలో కత్తెర పురుగుకు చెప్పే మోతాదే. గడ్డి కోసి, చీకటిపడే వేళ మచ్చ అంచులకు మాత్రం కొట్టి, మర్నాటి వరకు స్ప్రింక్లర్ ఆపండి.

నల్లమట్టి:
అంగుళం దాటినవి ఇంకొన్నాళ్లలో మట్టిలో దిగి ప్యూపా అవుతాయి, అక్కడికి మందు చేరదు. బెర్ముడాకి నేలలో పాకే కాండం ఉంది, నీళ్లు పెడితే మళ్లీ చిగురిస్తుంది. ఆపాల్సింది తర్వాతి తరాన్ని. రెక్కల పురుగులు దీపాల దగ్గర గోడల మీద కూడా గుడ్లు పెడతాయి, నూగు కప్పిన ముద్దల్లా ఉంటాయి. గీకి సబ్బునీళ్లలో వేయండి. మూడు నుంచి ఐదు రోజుల్లో పగులుతాయి, బీటీకి అదే అదను. లాన్ వైపు దీపాలు రాత్రి ఆర్పేయిస్తే ఇంకా మంచిది.

హెబ్బాళ్_కీటకం:
పాత లాన్‌కి మీ మాటే ఒప్పుకుంటాను. కొత్తగా గడ్డి చాపలు పరిచినదైతే మాత్రం వేరు పట్టి ఉండదు, ఆగితే చస్తుంది.

వర్తూరు_పచ్చిక:
లాన్ పాతదే, ఈత కొలను పక్క పట్టీ ఒక్కటే ఈ మధ్య పరిచింది. సబ్బునీళ్లకి గజానికి మూడు వచ్చాయి, అన్నీ పెద్దవే.

హెబ్బాళ్_కీటకం:
అయితే ఆ పట్టీ అంచు వరకే కొట్టండి, కొలను వైపు గాలి వీచేటప్పుడు కాదు. తడి ఆరేదాకా అటు ఎవరినీ రానీయకండి. మిగతా చోట నీళ్లు పెట్టి, ఈ రాత్రి దీపాల కింద గోడలు చూడండి.