శిఖరం కనిపిస్తుండగా వెనక్కి తిరగడం: జాగ్రత్తా, పిరికితనమా?

శేషాచలం నీడ | ఆదివారం, రాత్రి 9:40

ఈరోజు కొండ దిగి ఇంటికొచ్చాక మా బావ (అక్క భర్త) నాతో మాటలు మానేశాడు. అందుకే ఈ చర్చ పెడుతున్నాను.

పుత్తూరు వైపు ఒక కొండ. పేరు రాయను, రాస్తే వచ్చే ఆదివారం అనుమతి లేకుండా ముప్పై బైకులు అక్కడుంటాయి. ఒకవైపు నడక 6 కిలోమీటర్లు, ఎక్కేది 700 మీటర్లు. ఏడుగురం వెళ్ళాం. ఫారెస్టు వాళ్ళు అనుమతిచ్చి, దారి తెలిసిన పెద్దాయనను తోడు పంపారు. సాయంత్రం 4కల్లా కింద గేటు దగ్గర ఉండాలన్నారు.

నా ప్లాన్: 6కి నడక మొదలు, 10:30కి పైన. ఎక్కడున్నా సరే, 11:30 అయితే వెనక్కి. దిగడానికి మూడున్నర గంటలు వేసి, ఓ గంట చేతిలో ఉంచుకున్నాను.

జరిగింది వేరు. దారిలో ఇడ్లీకి ఆగితే మొదటి వాయి అప్పుడే పొయ్యి మీద పెట్టారు. పావుగంట అనుకున్నది గంట దాటింది. నడక మొదలయ్యేసరికి 6:50. రెండు గంటలు నడిచాక ఒకమ్మాయి బూటు అడుగు ముందువైపు ఊడి నోరు తెరిచింది. మా బావే తన తువ్వాలు చించి, బూటు కింద నుంచి రెండు చుట్లు తిప్పి చీలమండ దగ్గర ముడేశాడు. పది అడుగులకోసారి ముడి జారడం, ఆగి బిగించడం. అక్కడో అరగంట పోయింది.

11:30కి చివరి బండ కిందికి చేరాం. తలెత్తితే శిఖరం మీద పేర్చిన రాళ్ళు, వాటికి కట్టిన వెలిసిపోయిన ఎర్రగుడ్డ కనిపిస్తున్నాయి. "ముప్పావు గంట పడతాదమ్మా" అన్నాడు పెద్దాయన. నేను వెనక్కి పోదామన్నాను. బావ అక్కడే చతికిలబడి, "గుడి గడప దాకా వచ్చి దండం పెట్టకుండా పొమ్మంటావా?" అన్నాడు.

ఇరవై నిమిషాలు వాదన. 11:50కి దిగడం మొదలుపెట్టి, సరిగ్గా 4కి గేటు చేరాం. బావ అనేదేమంటే, ఇంకో గంట పోనిస్తే మహా అయితే 5:15కి దిగేవాళ్ళం, ఆరు దాటేదాకా వెలుతురుంటుంది, కొంపలేం మునిగేవి అని. నేను చేసింది సరైనదేనా?

పుత్తూరు బండోడు | రాత్రి 10:05

మీ బావకే నా ఓటు అక్కా. టైం మనకోసమా, మనం టైం కోసమా? 11:30 అనేది శనివారం రాత్రి సోఫాలో కూర్చుని రాసుకున్న అంకె. కొండ మీద ఉన్నప్పుడు అక్కడి పరిస్థితి చూసి నిర్ణయించాలి. ఆకాశం ఎలా ఉంది, కాళ్ళు ఎలా ఉన్నాయి, మనుషులు ఎలా ఉన్నారు, ఇవి చూడాలి. జనవరి చివర, ఎండ పెద్దగా లేదు, వాన లేదు, దారి తెలిసిన మనిషి పక్కనే ఉన్నాడు. ఇంతకంటే మంచి రోజు ఎప్పుడొస్తుంది?

అలిపిరి మెట్ల మీద మా అవ్వ 70 ఏళ్ళప్పుడు మోకాళ్ళ పర్వతం దగ్గర కూలబడింది. గంట కూర్చుని మళ్ళీ ఎక్కింది. ఆమె దగ్గర వాచీ లేదు, ప్లానూ లేదు. వెనక్కి తిరగమని ఆమెకు చెప్పగలరా ఎవరైనా?

ఇడ్లీ వ్యతిరేకి | రాత్రి 10:11

అసలు ముద్దాయి ఇడ్లీ. మిగతా అందరూ సాక్షులే.

రోజూ మెట్లెక్కేవాడు | రాత్రి 10:48

బండోడన్నా, అలిపిరితో పోల్చొద్దు. అక్కడ 3,550 మెట్లున్నా, దారి పొడవునా నీళ్ళు, లైట్లు, పైన గాలిగోపురం, పక్కన వేలమంది. ముఖ్యంగా, ఎక్కినవాళ్ళలో ఎంతమంది నడిచి దిగుతారు? దర్శనం చేసుకుని, లడ్డూ తీసుకుని, బస్సెక్కి కూర్చుంటాం.

మన తిరుపతి వాళ్ళ కాళ్ళకున్న లోపం ఇదే అంటాను. నేను నాలుగేళ్ళుగా వారానికి రెండుసార్లు శ్రీవారి మెట్టు ఎక్కుతున్నాను. 2,388 మెట్లు, గంటలోపే. ఆ ధీమాతో మొదటిసారి అసలైన కొండకి పోయాను. పైకి అందరికంటే ముందున్నాను. దిగేటప్పుడు సగం దారిలోనే తొడలు వణకడం మొదలైంది. మోకాలి చిప్ప కింద ఎవరో సూదితో పొడుస్తున్నట్టుంది. చివరి కిలోమీటరు వెనక్కి తిరిగి, పిల్లాడిలా ఒక్కో అడుగు వేసుకుంటూ దిగాను, తోటివాళ్ళు చెయ్యి పట్టుకుంటే. ఎక్కడానికి గుండె, ఊపిరి కావాలి. దిగడానికి కావలసింది తొడ కండరం, అది దిగితేనే అలవాటవుతుంది. ఇప్పుడు మెట్లు నడిచే దిగుతున్నాను.

అందుకని శేషాచలం నీడగారికి ఒక ప్రశ్న. దిగడానికి మూడున్నర గంటలని ఎలా వేశారు? రాళ్ళ దారిలో ఎక్కడానికి ఎంత పడుతుందో దిగడానికీ దాదాపు అంత పడుతుంది. మీకు పట్టింది 4 గంటల 10 నిమిషాలు, అదీ శిఖరం నుంచి కాదు. మీ తిరుగు టైం 11:30 కాదు, ఇంకా ముందే ఉండాలి. మీరు పిరికివారు కాదు, కొంచెం ధైర్యం ఎక్కువైంది.

శేషాచలం నీడ | రాత్రి 11:15

తప్పు ఒప్పుకుంటున్నాను. లెక్క చెప్తాను, సరిచేయండి. 1892లో నెయిస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పిన పద్ధతి వాడాను. మన కొలతల్లో, 5 కిలోమీటర్ల నడకకి గంట, దానికి తోడు ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. 6 కిలోమీటర్లకి 72 నిమిషాలు, 700 మీటర్లకి 70. మొత్తం 2 గంటల 22 నిమిషాలు. మన ముళ్ళపొదలు, బండలు, ఎండ చూసి దాన్ని దాదాపు రెట్టింపు చేసి నాలుగున్నర వేశాను. దిగేటప్పుడు ఎత్తు ఎక్కేది లేదు కదా అని గంట తగ్గించాను. అక్కడే దెబ్బతిన్నాను.

బావ లెక్క 5:15 కూడా, దిగేటప్పుడు ఎవరికీ ఏమీ కాకపోతేనే.

రేణిగుంట నర్సమ్మ | సోమవారం, ఉదయం 6:20

నైట్ డ్యూటీ దిగి చదువుతున్నాను. వెలుతురు గురించే అందరూ మాట్లాడుతున్నారు. నీళ్ళ సంగతి ఎవరూ అడగలేదేం? ఒక్కొక్కరి దగ్గర ఎన్ని లీటర్లున్నాయి, ఆ బండ దగ్గర ఎంత మిగిలింది?

శేషాచలం నీడ | ఉదయం 6:55

మనిషికి మూడు లీటర్లు. 11:30కి లీటరు మిగిలింది, ఇద్దరికి అదీ లేదు. దిగుతుంటే 2:30కల్లా అందరివీ అయిపోయాయి. చివరి గంటన్నర పెద్దాయన ఇచ్చిన ఉసిరికాయలు చప్పరిస్తూ నడిచాం.

రేణిగుంట నర్సమ్మ | ఉదయం 7:02

అయితే తీర్పు అయిపోయింది తల్లీ. ఎండలో బరువుతో ఎక్కేటప్పుడు గంటకి అరలీటరు నుంచి లీటరు దాకా పోతుంది. పైకి వెళ్ళుంటే చివరి రెండున్నర గంటలు నీళ్ళు లేకుండా దిగాలి. వడదెబ్బ తగిలే మనిషికి ముందు తెలివి మందగిస్తుంది. తనకేమీ కాలేదనే అంటాడు, విసుక్కుంటాడు, కాలు ఎక్కడ పెడుతున్నాడో చూసుకోడు. అక్కడ జారితే మోసుకురావాలి. ఏడుగురిలో ఒకరిని మోయాలంటే ఎంతసేపు పడుతుందో బండోడుగారు చెప్పాలి.

ఇంకోసారి మజ్జిగలో ఉప్పేసుకుని ఒక సీసా తీసుకెళ్ళండి, ఉత్త నీళ్ళే తాగితే సరిపోదు.

పుత్తూరు బండోడు | ఉదయం 8:30

నీళ్ళ మాట ముందే చెప్పుంటే నేను అంత గట్టిగా మాట్లాడేవాణ్ణి కాదు. కానీ నా మూలం మాట మారదు. వెనక్కి తిరగడానికి నీళ్ళు కారణమైతే నీళ్ళే కారణమని చెప్పాలి. "11:30 అయింది" అంటే ఎవరికైనా కడుపు మండుతుంది. మీ బావకి ఆ బండ దగ్గర సీసాలన్నీ వరుసగా పెట్టి చూపించారా?

చంద్రగిరి మాస్టారు | ఉదయం 9:10

చూపిస్తే వినేవాడా? శిఖరం కనిపించాక మనిషికి చెవులు పనిచేయవు. నాకూ పనిచేయలేదు, అందుకే చెప్తున్నాను. అంకె ముందే రాసుకునేది ఎందుకంటే, ఆ సమయానికి మన బుర్ర మన మాట వినదని.

1996 మే 10న ఎవరెస్టు మీద ఏమైంది? మధ్యాహ్నం 2కల్లా వెనక్కి తిరగాలన్నది తెలిసినవాళ్ళే, ప్రపంచంలో పేరున్న గైడ్లు, ఆ టైం దాటినా పైకి పోతూనే ఉన్నారు. సాయంత్రానికి తుఫాను కమ్మింది. 8 మంది పోయారు. మన కొండ ఎవరెస్టు కాదు, మంచు తుఫాను రాదు. మన దగ్గర వచ్చేది చీకటి, దాంతోపాటు జంతువు.

2025 ఫిబ్రవరిలో, శివరాత్రికి ముందు, గుండాలకోన అడవిలో రాత్రిపూట తలకోనకి నడిచిపోతున్న భక్తుల మీద ఏనుగులు పడి ముగ్గురు చనిపోయారు. 2023 ఆగస్టులో అలిపిరి దారిలోనే, అంత జనం తిరిగే చోటే, రాత్రివేళ ఆరేళ్ళ పాపను చిరుత లాక్కుపోయింది. ఆ తర్వాత టీటీడీ ఏం చేసింది? 15 ఏళ్ళలోపు పిల్లల్ని మధ్యాహ్నం 2 దాటితే నడకదారిలోకి పంపలేదు. అదీ తిరుగు టైమే కదా. 2:05కి వచ్చినవాళ్ళు గేటు దగ్గర గొడవపడే ఉంటారు, "ఐదు నిమిషాలే కదా" అని.

మదనపల్లి టమోటా | ఉదయం 10:02

మాస్టారూ, భయపెట్టి కొండలు ఎక్కనివ్వకుండా చేయకండి. ఆ లెక్కన రోడ్డు మీదికే పోకూడదు.

చంద్రగిరి మాస్టారు | ఉదయం 10:09

ఎక్కొద్దనలేదు నాయనా. దిగమన్నాను.

చెన్నైలో చిత్తూరోడు | మధ్యాహ్నం 1:25

ఎవరూ పట్టించుకోని ముక్క ఒకటుంది, సాయంత్రం 4కి గేటు దగ్గర ఉండాలన్న షరతు. అది ఈ గుంపు భద్రత కోసమే కాదు. శేషాచలం చుట్టుపక్కల అడవుల్లో ఎర్రచందనం దొంగల కోసం టాస్క్‌ఫోర్స్ తిరుగుతుంటుంది. చీకటి పడే వేళ అడవిలోంచి ఏడుగురు దిగుతుంటే వాళ్ళకి మనం ఎవరో ఎలా తెలుస్తుంది? పైగా ఆ పెద్దాయన పరువు. రేపు ఇంకో గుంపు అనుమతి అడిగితే "పోయినసారి వాళ్ళు చెప్పిన టైంకి రాలేదు" అంటారు.

నాగలాపురం కొండల్లో ఇదే జరిగింది మా కళ్ళముందు. మేం చెన్నై నుంచి వారం వారం పోయేవాళ్ళం, ఆ మడుగుల్లో ఈత కోసం. ఎవడికి తోచినట్టు వాడు పోవడం, ప్రమాదాలు, తర్వాత ఆంక్షలు. పద్ధతిగా పోయేవాళ్ళకి కూడా తలుపు మూసుకుపోయింది. ఇక ఈశాన్య రుతుపవనాల కాలంలో ఆ కోనల జోలికి పోకపోవడమే మంచిది. 2021 నవంబరు వానలకి శ్రీవారి మెట్టు దారే దెబ్బతిని నెలల తరబడి మూతపడింది, కట్టిన మెట్ల గతే అది.

పుత్తూరు బండోడు | మధ్యాహ్నం 2:40

గేటు సంగతి ఒప్పుకుంటాను. మాటిచ్చాం కాబట్టి నిలబడాలి. అయితే అక్కా, ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పండి. ఈ 11:30 సంగతి మీ బావకి ఎప్పుడు చెప్పారు?

శేషాచలం నీడ | మధ్యాహ్నం 3:30

...బండ కింద.

గ్రూపులో శనివారం రాత్రి మెసేజ్ పెట్టాను. బావ ఆ గ్రూపులో లేడు. మా అక్క రావాల్సింది, ఆమె బదులు ఆయన చివరి నిమిషంలో వచ్చాడు. ఇడ్లీ దగ్గర కూర్చున్న ఆ గంటలో చెప్పొచ్చు, చట్నీ గురించి మాట్లాడుకున్నాం.

ఇడ్లీ వ్యతిరేకి | మధ్యాహ్నం 3:31

నేను మొదటే చెప్పాను.

పుత్తూరు బండోడు | మధ్యాహ్నం 3:44

అదీ సంగతి. ఆటలో దిగాక రూల్ చెప్తే ఎవడైనా అలుగుతాడు. వెనక్కి తిరగడం సరైనదే అని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, కానీ అలగడం కూడా సరైనదే. తువ్వాలు కూడా ఆయనదే పోయింది పాపం.

రోజూ మెట్లెక్కేవాడు | సాయంత్రం 5:15

ఈసారి తిరుగు టైం ఎంత పెడుతున్నారు?

శేషాచలం నీడ | రాత్రి 8:20

10:45. ఎక్కడానికి ఎంతో దిగడానికీ అంతే వేశాను. నీళ్ళు మనిషికి నాలుగు లీటర్లు, ఉప్పు మజ్జిగ వేరే. బూట్లు ముందురోజే అందరివీ వంచి చూస్తాను. టిఫిన్ ఇంటి నుంచే పొట్లాలు, కారులోనే తినాలి.

సాయంత్రం కొత్త తువ్వాలు కొని అక్క వాళ్ళింటికి వెళ్ళాను. బావ తువ్వాలు తీసుకున్నాడు, మాట్లాడలేదు. కాఫీ తాగి లేస్తుంటే, "మళ్ళీ ఎప్పుడు?" అన్నాడు గోడవైపు చూస్తూ. అనుమతి దొరికితే ఫిబ్రవరి రెండో ఆదివారం అన్నాను. వస్తాడట. కానీ ఈసారి వాచీ ఆయన చేతికే ఉండాలట.