గొప్ప ఆటగాడు మంచి కోచ్ కాలేడా? ఎప్పుడూ గ్రెట్‌స్కీ ఒక్కడే సాక్ష్యమా?

నీలిగీత:
ఐస్ హాకీ కోచింగ్ మాట ఎత్తితే చాలు, "గ్రెట్‌స్కీని చూడలేదా, మహా ఆటగాళ్లు దానికి పనికిరారు" అని తేల్చేస్తున్నారు. ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆయనవి గోల్స్, అసిస్టులు (గోల్‌కి దారితీసిన పాస్‌లు) కలిపి 2857 పాయింట్లు. అందులో అసిస్టులే 1963, ఇంకెవరి మొత్తం పాయింట్లూ అంత లేవు. అలాంటి మనిషి 2005 నుంచి నాలుగు సీజన్లు ఫీనిక్స్ కయోటీస్ కోచ్‌గా 143 గెలిచి, 161 ఓడారు. ఓవర్‌టైమ్, షూటౌట్ ఓటములు మరో 24. సీజన్ చివర కప్పు కోసం పై జట్లు ఆడే ప్లేఆఫ్స్ ముఖమే చూడలేదు.

లెక్కతో పేచీ లేదు, దాని మీద కట్టిన తీర్పుతోనే. అసిస్టెంట్‌గా ఒక్క సీజన్ కూడా చెయ్యని మనిషిని తెచ్చి నేరుగా హెడ్ కోచ్‌ని చేశారు. లోటు అక్కడ.

ఐసింగ్ అప్పారావు:
2009 సెప్టెంబర్‌లో గ్రెట్‌స్కీ తప్పుకునేనాటికి క్లబ్బు దివాలా కోర్టులో ఉంది. డేవ్ టిప్పెట్ వచ్చి ఆ సీజన్‌లోనే 50 మ్యాచ్‌లు గెలిపించి, పట్టికలో 107 పాయింట్లతో ప్లేఆఫ్స్‌కి తీసుకెళ్లారు. ఆటగాడిగా టిప్పెట్ ఎవరు? ఎదుటివాళ్ల పవర్ ప్లేని, అంటే శిక్షవల్ల మనవాడొకడు తగ్గినప్పుడు వాళ్లు చేసే దాడిని, ఆపడానికి దింపే ఫార్వర్డ్. ఎక్కడ నిలబడాలో, కర్ర ఏ దారికి అడ్డం పెట్టాలో ఒక్కొక్కటే నేర్చుకుంటేగానీ ఆ పనిలో బతకలేరు. నేర్చుకున్నది నేర్పొచ్చు. పుట్టుకతో కనపడేదాన్ని ఏమని నేర్పుతారు?

రెండోపీరియడ్:
అప్పారావు గారూ, గోలీ (గోల్‌కీపర్) సంగతి మింగేశారు. ఆ ఏడాది ఇల్యా బ్రిజ్గలోవ్ ఒక్కడి ఖాతాలోనే 42 గెలుపులున్నాయి. టిప్పెట్ గొప్పే, కానీ మొత్తం ఆయన పద్దులో రాయకండి.

కోర్టుపక్క:
మన గోపీచంద్ సంగతేంటి మరి? 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు, తర్వాత హైదరాబాద్‌లో కూర్చుని సైనా, సింధులను తయారుచేశారు. గొప్ప ఆటగాడు, గొప్ప కోచ్. చర్చ అయిపోయింది కదా!

రెండోపీరియడ్:
అవలేదండీ. అక్కడా ఇక్కడా కోచ్ అనే పేరొక్కటే, పనులు వేరు. బ్యాడ్మింటన్‌లో 11 పాయింట్ల దగ్గర నిమిషం విరామం ఉంటుంది, చూసుకోవలసింది ఒక్క మనిషిని. హాకీ బెంచ్ వెనక నిలబడ్డవాడికి 12 మంది ఫార్వర్డులు, 6 డిఫెన్స్‌మన్లు. షిఫ్ట్, అంటే ఒక్కసారి ఐస్ మీద ఉండే సేపు, 40, 45 సెకన్లకు మించితే కాళ్లు బరువెక్కుతాయి. ఆట నడుస్తుండగానే మార్చాలి. బయటికొచ్చేవాడు బెంచ్‌కి 5 అడుగుల లోపుకి రాకముందే లోపలికెళ్లేవాడు ఆటలో తలదూర్చాడా, మనుషులు ఎక్కువయ్యారని రెండు నిమిషాల శిక్ష.

మ్యాచ్‌లోని మూడు పీరియడ్లలో అసలు ప్రాణసంకటం రెండోది. వైపులు మారతాయి, బెంచ్‌లు మారవు. మన గోల్ బెంచ్‌కి దూరమైపోతుంది. అలసిన డిఫెన్స్ జంట మన జోన్ హద్దైన నీలి గీత వెనక చిక్కుకుంటే బయటికి రాలేదు. ఊపిరాడక పక్‌ని (ఆట బిళ్లని) మధ్య ఎర్ర గీత ఇవతలనుంచే అవతలి గోల్ లైన్ దాకా కొడితే ఐసింగ్. ఆట తిరిగి మొదలుపెట్టే ఫేస్ ఆఫ్ మళ్లీ మన జోన్‌లోనే, పైగా మనుషుల్ని మార్చడానికి వీల్లేదు. ఎదుటి కోచ్ తాజా లైన్‌ని (కలిసి ఆడే ఆటగాళ్ల గుంపుని) దింపుతాడు. గోల్స్ పడేది ఇలాంటప్పుడే. ఎర్ర గీత దాటించి, పక్‌ని మూలకి తోసి, అప్పుడు మార్చుకోమని ఆటగాళ్లకి అలవాటు చెయ్యడమే కోచ్ పని. ఇది 2857 పాయింట్లతో వచ్చే విద్య కాదు.

నీలిగీత:
నేనన్నదీ అదే. రాడ్ బ్రిండమోర్‌ని తీసుకోండి. 1484 మ్యాచ్‌లు, 1184 పాయింట్లు, 2006లో కరోలినా జట్టు ఎన్‌హెచ్‌ఎల్ టైటిల్ అయిన స్టాన్లీ కప్ గెలిచినప్పుడు కెప్టెన్. 2010లో ఆట మానేశారు. 2011 నుంచి ఏడేళ్లు అదే జట్టులో అసిస్టెంట్. 2018లో హెడ్ కోచ్ అయ్యేనాటికి జట్టు తొమ్మిదేళ్లుగా ప్లేఆఫ్స్ బయటే ఉంది. మొదటి సీజన్‌లోనే కప్ ఫైనల్‌కి ముందరి మెట్టైన కాన్ఫరెన్స్ ఫైనల్. 2021లో ఉత్తమ కోచ్‌కిచ్చే జాక్ ఆడమ్స్ అవార్డు.

ఐసింగ్ అప్పారావు:
రక్షణకిచ్చే సెల్కీ ట్రోఫీ రెండుసార్లు తీసుకున్న మనిషి కాబట్టి ఆయన నా వాదన పక్షమే! ఇక మీ ఏడేళ్ల శిక్షణ. ఎన్‌హెచ్‌ఎల్‌లో గొప్ప ఆటగాడైన మార్టిన్ సెయింట్ లూయీ పిల్లల హాకీ తప్ప ఏ ప్రొఫెషనల్ జట్టుకీ కోచ్‌గా చెయ్యకుండానే 2022 ఫిబ్రవరిలో మాంట్రియల్ హెడ్ కోచ్ అయ్యారు. 2025లో ప్లేఆఫ్స్‌కి చేర్చారు.

నీలిగీత:
ఆ 2025కి ముందు మూడు సీజన్లు బయటే ఉన్నారుగా. జట్టుని కొత్తగా కడుతున్నారు కాబట్టి బెంచ్ మీదే నేర్చుకునే వ్యవధి దొరికింది. అందరికీ అంత ఓపికున్న యాజమాన్యం దొరకదు.

రెండోపీరియడ్:
ఇద్దరూ టో బ్లేక్‌ని వదిలేశారు. ఆటగాడిగా 1939లో లీగ్ అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ, 1948లో కాలు విరిగి ఆట ముగిసింది, మాంట్రియల్ కోచ్‌గా 13 సీజన్లలో 8 కప్పులు. అటువైపు జాన్ కూపర్ ప్రొఫెషనల్ హాకీ ఆడనే లేదు. లాయరు. టాంపా బేకి 2020, 2021 కప్పులు తెచ్చారు. మీ ఇద్దరి సూత్రాల్లో వీళ్లని ఎక్కడ కూర్చోబెడతారు?

ఐసింగ్ అప్పారావు:
కూపర్ నా సూత్రానికి అడ్డమే, ఒప్పుకుంటాను. బ్రిండమోర్ దగ్గర మాత్రం ఒకటి మిగిలింది. 2019, 2023, 2025 కాన్ఫరెన్స్ ఫైనళ్లు మూడూ కలిపి 13 మ్యాచ్‌లు, ఒక్కటే గెలుపు. ఆయన జట్టు సొంత జోన్‌లో మనిషికి మనిషి కాపలా కాస్తుంది. తన మనిషి నీలి గీత దాకా వెళ్తే డిఫెన్స్‌మన్ కూడా వెంటపడాలి. ఒక్కడు తప్పించుకుంటే పక్కవాడు తన మనిషిని వదిలి రావాలి, అక్కడ గోల్ ముందు ఖాళీ పడుతుంది. వేగం తగ్గిన జట్ల మీద ఈ పద్ధతి ప్లేఆఫ్స్ ముందరి సీజన్ అంతా చెల్లుతుంది. మే నెలలో మిగిలే జట్ల మీద చెల్లనప్పుడు, మనిషిని కాక చోటుని కాసే జోన్ కాపలాకి ఎందుకు మారరు? శిక్షణ వాదులు దీనికి జవాబు చెప్పాలి.