ఆదరణ కూడికలో 88వ కీర్తన చదవవచ్చా?

అందరికీ వందనాలు. మా సంఘంలో ఒక కుటుంబం చేతికందిన కొడుకును పోగొట్టుకుంది. వచ్చే ఆదివారం వాళ్ళింట్లో ఆదరణ కూడిక. వాక్యం చదివే బాధ్యత నాకిచ్చారు.

ఇలాంటి చోట ఎక్కువగా బైబిల్లోని 23వ కీర్తనే ("యెహోవా నా కాపరి") చదువుతారు. నా మనసు మాత్రం 88 మీదే ఉంది. ఎజ్రాహీయుడైన హేమాను పేరున్న కీర్తన అది. 13వ కీర్తన "ఎంతకాలం" అని మొదలై ఆరు వచనాల్లోనే పాటగా మారుతుంది. 22వది "నా దేవా, నన్నెందుకు విడిచిపెట్టావు" అనే కేకతో మొదలైనా, 22వ వచనం దగ్గరికి వచ్చేసరికి స్తుతివైపు తిరుగుతుంది. 88లో ఆ మలుపే లేదు. పగలూ రాత్రీ మొరపెట్టి, చివరికి చీకటి దగ్గరే ఆగిపోతుంది. అయినా మొదటి వచనంలోనే హేమాను దేవుణ్ణి రక్షణకర్త అని పిలుస్తాడు. ఆ తల్లికి ఇప్పుడు కావాల్సింది ఇదేనని నాకనిపిస్తోంది. ఏడుస్తున్న మనిషి చేత వెంటనే "స్తోత్రం" అనిపించాలని చూడటం నాకు చాలా బాధగా ఉంటుంది.

మా పెద్దలేమో అది వింటే ఇంకా కుంగిపోతారు, కనీసం చివర అంతా స్తుతే ఉన్న 150వ కీర్తన చేర్చు అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

మీలో ఎవరైనా దుఃఖంలో ఉన్న ఇంట్లో 88 చదివారా? విన్నవాళ్ళు ఎలా తీసుకున్నారు? అదొక్కటే చదివి ప్రార్థనతో ముగించవచ్చా, లేక తర్వాత 13 లాంటిది చదవాలా? ముఖ్యంగా సొంతవాళ్ళను పోగొట్టుకున్నవాళ్ళు చెప్పండి, ఆ రోజుల్లో మీరు స్తుతి కీర్తన వినగలిగారా?